కొండదారిలో కొలిమి: యూజెన్ క్రిస్తోఫ్ జీవితకథ

లోకం సాధారణంగా విజేతలనే గుర్తుంచుకొంటుంది. పందెం ముగిసిన పిమ్మట మొదటివాని పేరు గ్రంథాలకు ఎక్కుతుంది. రెండవవాని పేరు మరునాటి పత్రికతో మాసిపోతుంది. ఏడవవానిని అడిగే దిక్కే ఉండదు. ఐతే ఈ లోకరీతికి లోబడని పేరు ఒకటి ఫ్రాన్సు దేశంలో ఉన్నది. 1913వ సంవత్సరంలో జరిగిన సైకిలు పందెంలో ఏడవ స్థానంతో తృప్తిపడవలసివచ్చిన ఒక మనిషికి, అతని ఆశ భగ్నమైన చోటనే, పిరనీసు పర్వతాల నడుమ ఉన్న ఒక చిన్న పల్లెలో, నూరేళ్ళు గడచిన తరువాత 2014లో విగ్రహం నిలిపారు. అతని పేరు యూజెన్ క్రిస్తోఫ్. ఆ యేటి పందెంలో గెలిచిన వీరుడెవరో చెప్పలేని ఫ్రెంచి పిల్లలు సైతం కొలిమి వద్ద సుత్తి పట్టిన క్రిస్తోఫ్ కథ విని ఉంటారు.

ఓడినవానికి ఇంతటి కీర్తి ఎట్లా దక్కింది? కేవలం జాలి వలన దక్కిందనుకొంటే పొరపాటు. జాలి ఒక తరంతో చల్లారిపోతుంది. ఆ కీర్తికి మూలం తెలియాలంటే అతని జీవితాన్ని మొదటినుండి చూడాలి.

తాళాల పనివాడు

క్రిస్తోఫ్ 1885 జనవరి 22వ తేదీన పారిస్ నగరాన్ని ఆనుకొని ఉన్న మలకాఫ్ అనే పేటలో జన్మించాడు. సంపన్నుల బిడ్డ కాడు. చిన్ననాటనే తాళాలు చేసే వృత్తి నేర్చుకొన్నాడు. ఇనుమును కాల్చడం, సాగగొట్టడం, ఆకురాయితో అరగదీసి అతుకు కుదిర్చడం అతని చేతికి అలవడిన విద్యలు. ఆ విద్య జీవితంలో ఎప్పుడు, ఏ రూపంలో అక్కరకు వస్తుందో నేర్చుకొనేనాడు అతనికి తెలియదు, నేర్పినవారికీ తెలియదు.

ఆ రోజులలో సైకిలు పశ్చిమ ఐరోపాలో పనివాని వాహనం. గనులలోను, కర్మాగారాలలోను రెక్కలు ముక్కలు చేసుకొనే యువకులకు సైకిలు పందెం మరొక బ్రతుకుదారిని చూపించింది. పారిస్‌లో ప్రచురితమయ్యే ‘లోటో’ అనే క్రీడాపత్రిక, తన అమ్మకాలు పెంచుకొనే ఉద్దేశంతో, 1903లో ఫ్రాన్సు దేశాన్ని సైకిలుమీద చుట్టివచ్చే పందెం ఒకటి ప్రారంభించింది. అదే టూర్ ద ఫ్రాన్స్. మన మాటలో చెప్పాలంటే ఫ్రాన్సు ప్రదక్షిణము. పత్రికా సంపాదకుడు ఆంరీ దెగ్రాంజ్ ఆ పందానికి కర్త, శాసనకర్త, న్యాయాధిపతి కూడ. 1906లో క్రిస్తోఫ్ మొదటిసారి ఆ ప్రదక్షిణలో పాల్గొని 9వ వాడుగా వచ్చాడు. అప్పటికి అతనికి 21 ఏళ్ళు. గుబురైన మీసాలు పెంచి ఉండడం చేత జనం అతనికి ‘ముసలి గాల్’ అనే ముద్దుపేరు పెట్టారు. గాల్ జాతివారు ఫ్రెంచివారి పూర్వికులు.

నాటి పందెం స్వరూపాన్ని నేటి విద్యార్థి ఊహించుకోవడం కష్టం. ఒక్కొక్క రోజు నడక సాధారణంగా 300 కిలోమీటర్లకు తగ్గేది కాదు. కొన్నినాళ్ళు 400 దాటేది. అర్ధరాత్రి దాటిన వెంటనే చీకటిలో బయలుదేరి, తెల్లవారి, మధ్యాహ్నమై, సాయంకాలానికి గమ్యం చేరేవారు. దారులకు తారు లేదు. కంకర, దుమ్ము, వానపడితే బురద. గేర్లు మార్చే యంత్రాన్ని ఆ పందెంలో 1937 వరకు అనుమతించలేదు. ఎత్తు ఎక్కవలసివచ్చినప్పుడు దిగి, వెనుక చక్రాన్ని ఊడదీసి, రెండవ ప్రక్కనున్న పళ్ళచక్రానికి గొలుసు తగిలించుకోవాలి. విడి టైర్లను భుజాలకు అడ్డంగా చుట్టుకొని తొక్కేవారు.

1910లో దెగ్రాంజ్ పందాన్ని పిరనీసు పర్వతాలమీదికి మళ్ళించాడు. ఫ్రాన్సుకు, స్పెయిను దేశానికి మధ్య గోడవలె నిలిచిన ఆ కొండలలో ఓబిస్క్ కనుమ 1,709 మీటర్లు, తూర్మలే కనుమ 2,115 మీటర్లు. గొర్రెల కాపరులు, కట్టెలు తెచ్చుకొనేవారు తిరిగే త్రోవలవి. మరుసటి యేడు ఆల్ప్స్ పర్వతాలలోని గలిబియే కనుమ కూడ చేరింది. నాడు ఆ దారి 2,556 మీటర్ల ఎత్తున ఒక సొరంగం గుండా పోయేది. అంతటితో అది బలాన్ని పరీక్షించే పందెంగా ఉండిపోక, ఓర్పును పరీక్షించే తపస్సుగా మారింది.

మంచులో గెలుపు

క్రిస్తోఫ్ ఓర్పు లోకానికి తెలిసినది 1910 ఏప్రిల్ 3వ తేదీన, ఇటలీలో. మిలాన్ నగరం నుండి సముద్రతీరంలోని శాన్‌రెమో పట్టణానికి దాదాపు 290 కిలోమీటర్ల పందెం అది. నడుమ తుర్కినో అనే కనుమ ఉన్నది. ఎత్తు 500 మీటర్ల పైచిలుకే ఐనా, ఆనాడు దానిమీద విపరీతంగా మంచు కురిసింది. చలిగాలికి వేళ్ళు కొయ్యబారాయి. చక్రాలు మంచులో కూరుకొనిపోయాయి. అరవై మందికి పైగా బయలుదేరినవారిలో అధికసంఖ్యాకులు దారిలోనే ఆగిపోయారు. క్రిస్తోఫ్ కూడ ఒకచోట కడుపునొప్పితో, వణకుతో ముందుకు కదలలేక నిలిచిపోగా, ఒక బాటసారి అతనిని దగ్గరలోని పూటకూళ్ళ ఇంటికి చేర్చాడు. అక్కడ తడిబట్టలు విప్పి, ఒళ్ళు కాచుకొని, దొరికిన పొడవు లాగు ఒకటి తొడుగుకొన్నాడు. కిటికీలోనుండి మరికొందరు పందెగాండ్రు మంచులో పోతూ కనిపించారు. యజమాని వద్దంటున్నా వినక అతడు మళ్ళీ సైకిలెక్కాడు.

శాన్‌రెమో చేరేటప్పటికి 12 గంటలకు పైగా గడిచాయి. గమ్యం వద్ద తానే మొదటివాడని అతనికి తెలియనే తెలియదు. అతని వెనుక చివరివరకు రాగలిగినవారు వేళ్ళమీద లెక్కింపదగినంతమంది. ఐతే ఆ విజయానికి అతడు భారీగానే మూల్యం చెల్లించాడు. చలి సోకిన శరీరం ఆసుపత్రి పాలయింది. పూర్వపు ఆరోగ్యం తిరిగి రావడానికి చాలకాలం పట్టింది.

1912లో అతని సత్తువ మళ్ళీ నిండుగా కనిపించింది. ఆ యేటి ప్రదక్షిణలో వరుసగా మూడు దశలు గెలిచాడు. వానిలో మూడవది షమొనీ నుండి గ్రెనోబుల్ వరకు 366 కిలోమీటర్లు. గలిబియే కనుమ ఆ దారిలోనిదే. అందులో ఇంచుమించు 315 కిలోమీటర్లు అతడు ఒంటరిగా, అందరికంటె ముందుగా తొక్కాడు. ప్రదక్షిణ చరిత్రలో అంత దీర్ఘమైన ఒంటరి ప్రయాణం మరొకటి లేదని చెబుతారు. ఐనా కడపటి విజయం బెల్జియం దేశస్థుడైన ఒడీల్ డెఫ్రేకు దక్కింది. అప్పటి పద్ధతి ప్రకారం పట్టిన కాలాన్ని లెక్కించేవారు కారు. దశలలో వచ్చిన స్థానాలను బట్టి మార్కులు వేసేవారు. గంట ముందు వచ్చినా, గజం ముందు వచ్చినా లెక్క ఒకటే. పైగా బెల్జియం పోటీదారులు పలువురు తమ దేశస్థునికి అండగా నిలిచారు. క్రిస్తోఫ్ రెండవవాడయ్యాడు. మరుసటి యేడు నిర్వాహకులు మార్కుల పద్ధతిని విడిచి, కాలాన్ని లెక్కించే పద్ధతిని పునరుద్ధరించారు. దీర్ఘమైన కొండదారులలో నిమిషాలు కూడబెట్టగల క్రిస్తోఫ్‌కు అది అనుకూలమైన మార్పు. 1913 తన సంవత్సరమని అతడు నమ్మడంలో తప్పు లేదు.

తూర్మలే దిగువ

1913 ప్రదక్షిణలో 140 మంది బయలుదేరారు. జూలై 9వ తేదీనాటి ఆరవ దశ బయోన్ నుండి లుషోన్ వరకు 326 కిలోమీటర్లు. ఓబిస్క్, తూర్మలే, ఆస్పిన్, పేర్‌సూర్ద్ అనే కనుమలు నాలుగూ ఒకే రోజున దాటాలి. అప్పటివరకు ముందున్నవాడు డెఫ్రే. అతనికి ఐదు నిమిషాల వెనుక క్రిస్తోఫ్. ఆనాటి కొండలలో డెఫ్రే అలసి, వెనుకబడి, చివరకు పందాన్నే విడిచిపెట్టాడు. తూర్మలే శిఖరాన్ని బెల్జియం యువకుడు ఫిలిప్ తీస్ మొదట దాటగా, కొద్ది నిమిషాల తేడాతో క్రిస్తోఫ్ రెండవవాడుగా దాటాడు. మొత్తం కాలాన్ని కూడి చూస్తే అగ్రస్థానం ఇప్పుడు క్రిస్తోఫ్‌దే. ఎక్కడం ముగిసింది, ఇక దిగడమే.

దిగుడులో, వేగం మీద ఉండగా, సైకిలు ముందుభాగం ఏదో సడలినట్లు అతనికి తోచింది. ఆగి చూస్తే ముందుచక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు విరిగిపోయింది. ఫోర్కు లేని సైకిలు రెక్క విరిగిన పక్షి వంటిది. మరొక సైకిలు తీసుకోవడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఏ వాహనంతో బయలుదేరాడో ఆ వాహనాన్నే గమ్యానికి చేర్చాలి. చెడితే తానే బాగుచేసుకోవాలి. ఇతరుల చెయ్యి పడరాదు. దెగ్రాంజ్ విధించిన శాసనం అది. పందెంలో గెలుపు ధనవంతుడైన కర్మాగారాధిపతిది కాక మనిషిది కావాలని ఆయన ఉద్దేశం. ఉద్దేశం మంచిదే కావచ్చును. కాని కొండమీద ఒంటరిగా, చేతిలో విరిగిన ఇనుముతో నిలుచున్నవానికి ఆ మంచి ఎట్లా కనిపిస్తుంది?

తాను దాటివచ్చినవారంతా ఒక్కొక్కరుగా తనను దాటిపోతూ ఉంటే అతడు చూస్తూ నిలిచాడు. పిమ్మట సైకిలును భుజాన వేసుకొని, ఊడిన చక్రాన్ని చేతబట్టుకొని, దిగువకు నడక సాగించాడు. దగ్గర ఉన్న ఊరు సెంత్ మరీ ద కంపాన్. దూరం 10 కిలోమీటర్లకు మించినది. మలుపుల బాటను వదలి, మేకలు నడిచే అడ్డదారులలో కొంత దూరం తగ్గించుకొన్నాడు. ఆ నడకలో తన కన్నీరు ఆగలేదని అతడే తరువాతి కాలంలో దాచుకోకుండా చెప్పుకొన్నాడు. రెండు గంటలు గడచిన తరువాత పల్లె చేరాడు. కమ్మరి ఇల్లు ఎక్కడని విచారించగా, ఒక బాలిక ఊరి ఆ చివరనున్న కొలిమికి దారి చూపింది.

కొలిమి యజమాని దయగల మనిషి. విరిగిన ఫోర్కును చూడగానే బాగుచేసి ఇస్తానని ముందుకు వచ్చాడు. ఐతే పందెం పర్యవేక్షకులు అప్పటికే అక్కడికి చేరి ఉన్నారు. ఇతర కర్మాగారాల ప్రతినిధులు కూడ వచ్చి నిలుచున్నారు. కమ్మరి ఆ పనిముట్టు మీద చెయ్యి వేస్తే క్రిస్తోఫ్ పందెంనుండి తొలగినట్లే. కనుక కమ్మరి నోటితో సలహా చెప్పవచ్చునే గాని సుత్తి పట్టరాదు.

అప్పుడు అక్కరకు వచ్చింది మలకాఫ్ పేటలో నేర్చుకొన్న పాత వృత్తి. క్రిస్తోఫ్ నిప్పు రాజేశాడు. తగిన ఉక్కుగొట్టం ముక్క ఎంచుకొన్నాడు. పట్టకారుతో పట్టి, ఎర్రగా కాల్చి, దాగలి మీద పెట్టి సుత్తితో కొట్టాడు, రంధ్రం తొలిచాడు, ఆకురాయితో అరగదీసి అతుకు కుదిర్చాడు. తెల్లవారక ముందునుండి కొండలు ఎక్కివచ్చిన కాళ్ళు, ఆకలితో ఉన్న కడుపు, బొబ్బలెక్కిన చేతులు. ఐనా పని తొందరలో చెడరాదు. చెడిన అతుకుతో ముందున్న రెండు కనుమలు దిగబోతే ప్రాణానికే మోసం. అతడు మూడు గంటలకు తక్కువ కాకుండ ఆ కొలిమి వద్ద శ్రమపడ్డాడు. మధ్యలో ఒక పర్యవేక్షకుడు ఆకలికి తాళలేక ఏదైనా తిని వస్తానని కదలబోగా, తాను అతని ఖైదీ కనుక కావలివాడు కూడ కడవరకు కదలరాదని, అంత ఆకలిగా ఉంటే అక్కడి బొగ్గులు తినవచ్చునని క్రిస్తోఫ్ విసురుగా అన్నాడని చెప్పుకొంటారు.

కొలిమి పనికి రెండు చేతులు చాలవు. ఒక చేతిలో పట్టకారు, మరొక చేతిలో సుత్తి ఉండగా తిత్తి ఊదేవారెవరు? మంట తగ్గితే ఇనుము చల్లారుతుంది. అక్కడ నిలిచి చూస్తున్న ఒక పసివాడు తిత్తి ఊది సాయపడ్డాడు. పర్యవేక్షకులు దానిని కూడ వ్రాసుకొన్నారు. పరుల సాయం పొందినందుకు క్రిస్తోఫ్‌కు 10 నిమిషాల శిక్ష పడింది. తరువాత దానిని 3 నిమిషాలకు తగ్గించారు. దాదాపు నాలుగు గంటలు అప్పటికే కోల్పోయినవానికి 10 నిమిషాలు ఒక లెక్కలోనివి కావు. కాని ఆ చిన్న శిక్షయే లోకం మనసులో నాటుకొన్నది. నియమం ఎంత కఠినమైనదో చెప్పడానికి గంటల నష్టం కంటె పసివాని తిత్తిచప్పుడే ఎక్కువ పనికివచ్చింది.

ఫోర్కు అతికించి, చక్రం తగిలించి, క్రిస్తోఫ్ మళ్ళీ బయలుదేరాడు. ఆస్పిన్ ఎక్కాడు, పేర్‌సూర్ద్ ఎక్కాడు, లుషోన్ చేరాడు. ఆనాటి వరుసలో అతడు 29వ వాడు. గెలుపు ఆశ అక్కడితో పోయింది. ఐనా మరునాడు ఇంటికి పోలేదు. మిగిలిన దశలన్నీ తొక్కి పారిస్ చేరాడు. బయలుదేరిన 140 మందిలో పందెం ముగించినవారు 25 మంది. వారిలో అతడు 7వ వాడు. విజేత ఫిలిప్ తీస్.

పసుపు అంగీ

1914 ప్రదక్షిణ ముగియగానే ప్రథమ ప్రపంచ సంగ్రామం విరుచుకొనిపడింది. పందెపు బాటలు యుద్ధరంగాలయ్యాయి. ప్రదక్షిణలో గెలిచిన ముగ్గురు వీరులు, ఫ్రాన్స్వా ఫాబేర్ 1915లోను, ఒక్తావ్ లపీజ్, లూసియెన్ పెతి బ్రెతోన్ 1917లోను, ఆ యుద్ధకాలంలో ప్రాణాలు కోల్పోయారు. క్రిస్తోఫ్ సైన్యంలో పనిచేసి బ్రతికి బయటపడ్డాడు. ఒక క్రీడాకారుని జీవితంలో 29వ యేటినుండి 34వ యేటివరకు గల కాలం ఎంత విలువైనదో చెప్పనక్కరలేదు. ఆ కాలమంతా యుద్ధం మ్రింగివేసింది.

వెర్సాయి సంధిపై సంతకాలు జరిగిన మరునాడే, 1919 జూన్ 29వ తేదీన, ప్రదక్షిణ మళ్ళీ మొదలయింది. ఫిరంగి గుండ్లకు గుంటలు పడిన దారులు, కూలిపోయిన ఊళ్ళు, టైర్ల కరువు. కర్మాగారాలన్నీ కలసి ఒకే పేరుతో పోటీదారులను పంపడం వలన అధికులు ఒకే బూడిదరంగు అంగీలు తొడిగారు. ముందున్నవాడెవరో జనానికి తెలియని స్థితి. అందుచేత దెగ్రాంజ్ ఒక ఉపాయం ఆలోచించాడు. అగ్రస్థానంలో ఉన్నవానికి పసుపుపచ్చని అంగీ తొడిగించాలని నిర్ణయించాడు. ‘లోటో’ పత్రికను పసుపు కాగితం మీద అచ్చువేసేవారు. ఆ రంగుకు కారణం అదే. జూలై 19వ తేదీన గ్రెనోబుల్ పట్టణంలో మొట్టమొదటి పసుపు అంగీని తొడుగుకొన్నవాడు క్రిస్తోఫ్. లోకమంతా నేడు ఎరిగిన ఆ గౌరవచిహ్నం మొదట అతని ఒంటిమీదనే వెలసింది. ఐతే అతనికి అది అంతగా నచ్చలేదు. దారిప్రక్కల జనం పసుపుపిట్ట వచ్చిందని వేళాకోళం చేసేవారు.

కడపటికి రెండు దశలు మాత్రమే మిగిలాయి. క్రిస్తోఫ్ రెండవవానికంటె 28 నిమిషాలు ముందున్నాడు. మెట్స్ నుండి డంకర్క్ వరకు 468 కిలోమీటర్ల దశ అది. యుద్ధం ఛిన్నాభిన్నం చేసిన ఉత్తర ప్రాంతం మీదుగా, రాళ్ళు పరచిన బాటలమీద సాగాలి. వలన్సియెన్ పట్టణం వద్ద అతని ఫోర్కు మళ్ళీ విరిగింది. ఆరేళ్ళ క్రితం కొండమీద జరిగినదే ఇప్పుడు మైదానంలో జరిగింది. దగ్గరలో ఒక పనిశాల దొరికింది. మళ్ళీ తన చేతులతోనే అతుకువేసుకొన్నాడు. గంటకు మించిన కాలం అక్కడనే పోయింది. డంకర్క్ చేరేటప్పటికి రెండు గంటలకు పైగా నష్టపోయాడు. పసుపు అంగీ బెల్జియం దేశస్థుడు ఫిర్మెన్ లాంబోకు మారింది. పారిస్‌లో క్రిస్తోఫ్ 3వ వాడు. ఆ యేడు బయలుదేరిన 67 మందిలో పారిస్ దాకా తొక్కగలిగినవారు 11 మందే.

ఈసారి ప్రజలు ఊరుకోలేదు. పత్రిక ద్వారా చందాలు పోగుచేశారు. పెద్ద మొత్తాలు పంపినవారు కొందరైతే, ఒకటి రెండు ఫ్రాంకులు పంపిన కూలివారు, సైనికులు అసంఖ్యాకులు. చివరకు విజేతకు లభించిన బహుమానాన్ని మించిన ధనం క్రిస్తోఫ్‌కు చేరింది. యుద్ధంలో తమ ఇండ్లు, తమవారిని పోగొట్టుకొన్న ప్రజలు, ఏ దోషమూ లేకుండానే చేతికందినది పోగొట్టుకొన్న మనిషిలో తమను తాము చూచుకొన్నారు కాబోలు.

మూడవ పరీక్ష

దురదృష్టవంతుడని ముద్రపడిన మనిషి నిజానికి ఎన్ని విజయాలు సాధించాడో మరచిపోరాదు. 1920లో పారిస్–తూర్ పందెం గెలిచాడు. బోర్దో నుండి పారిస్ వరకు దాదాపు 600 కిలోమీటర్ల దూరాన్ని ఏకబిగిని తొక్కే పందాన్ని 1920లోను, 1921లోను వరుసగా గెలిచాడు. పొలాలు, బురద, మెట్టలమీద సైకిలును మోసుకొంటూ పరుగెత్తే పందెంలో ఫ్రాన్సు జాతీయవిజేతగా ఏడుసార్లు నిలిచాడు. తూర్మలే దారిలో సైకిలును భుజాన మోయగలిగిన బలం, ఆ మెట్టపందాల అలవాటు వలన కూడ వచ్చిందని భావించవచ్చును.

1922లో 37వ యేట అతడు మళ్ళీ పసుపు అంగీ తొడిగాడు. అంతటి వయసులో దానిని ధరించినవాడు ప్రదక్షిణ చరిత్రలో మరొకడు లేడు. కాని ఆల్ప్స్ పర్వతాలలో, గలిబియే కనుమ దిగుతూ ఉండగా, ఫోర్కు మూడవసారి విరిగింది. పారిస్ చేరేటప్పటికి అతడు 8వ వాడు. విజేత మళ్ళీ లాంబోయే. కడసారి అతడు ప్రదక్షిణలో పాల్గొన్నది 1925లో, 40వ యేట. అప్పుడు 18వ స్థానం వచ్చింది. మొత్తం 11 మార్లు బయలుదేరి 8 మార్లు కడదాకా తొక్కాడు. ఒక్కసారి కూడ గెలవలేదు.

పందాలు విడిచిన తరువాత అతడు సైకిలును విడువలేదు. పెడలుమీద పాదం జారిపోకుండ పట్టి ఉంచే లోహపు కొక్కెము, తోలుపట్టీ అతని పేరుతో వెలువడి, దశాబ్దాలపాటు లోకమంతటా పందెగాండ్ర పాదాలను పట్టి ఉంచాయి. గెలుపు గుర్తు కాకపోయినా, పనిముట్టు మీద పేరు నిలవడం పనివానికి తగిన గౌరవమే. 1951లో అతడు వృద్ధుడై సెంత్ మరీ ద కంపాన్ గ్రామానికి తిరిగి వెళ్ళి, ఆ కొలిమిలో నాటి పనిని మళ్ళీ అభినయించి చూపించాడు. ఆ ఇంటి గోడమీద స్మారకఫలకం ఉన్నది. 1970 ఫిబ్రవరి 1వ తేదీన, 85 ఏళ్ళు నిండిన కొద్ది దినాలకు, అతడు కన్నుమూశాడు.

నియమము, న్యాయము

క్రిస్తోఫ్ కథను పాఠశాలలలో చెప్పేటప్పుడు, నియమానికి తలవంచిన మనిషిగా మాత్రమే అతనిని చూపించడం పరిపాటి. అది సగం సత్యం. నియమాన్ని పాటించడం వలన నియమం న్యాయమైనదని తేలదు. ఇనుములో దాగిన లోపానికి మనిషిని శిక్షించే పద్ధతిలో న్యాయం తక్కువ. పసివాడు ఊదిన తిత్తిని నేరంగా లెక్కకట్టడంలో వివేకం అంతకంటె తక్కువ. కాలక్రమాన ఆ నియమం సడలింది. తరువాతి తరాల పోటీదారులకు చక్రం చెడితే చక్రం, సైకిలు చెడితే సైకిలు క్షణాలలో అందే ఏర్పాటు వచ్చింది. క్రిస్తోఫ్ పడిన కష్టాన్ని లోకం మరువకపోవడం ఆ మార్పుకు తోడ్పడి ఉండవచ్చును.

ఐతే కొలిమి వద్ద నిలిచిన ఆ మూడు గంటలలో నియమం మంచిదా, చెడ్డదా అని తర్కించే వ్యవధి అతనికి లేదు. ఎదుట విరిగిన ఇనుము ఉన్నది; చేతిలో నేర్చిన పని ఉన్నది. గెలుపు పోయిందని తెలిసి కూడ అతుకును శ్రద్ధగా వేశాడు. ఆ అతుకు ఆనాటి రెండు కనుమలను నిబ్బరంగా దాటించింది. ఫలం దక్కనినాడు పనిలో శ్రద్ధ సడలిపోవడం మానవస్వభావం. ఆ స్వభావాన్ని అతడు ఆ మధ్యాహ్నం జయించాడు. ఆరేళ్ళ తరువాత వలన్సియెన్‌లోను, మరి మూడేళ్ళకు గలిబియే దిగువన కూడ జయించాడు. జనం మరువనిది ఈ జయాన్నే.

ఇంకొక సంగతి విద్యార్థులు గమనింపదగినది. ఆనాడు క్రిస్తోఫ్‌ను గట్టెక్కించినది కాళ్ళ బలం కాదు; పందెగాడు కాకముందు, కూలికోసం నేర్చుకొన్న తాళాల పని. చిన్నదని తలచిన విద్య అతని జీవితంలోని అతి పెద్ద పరీక్షనాడు అక్కరకు వచ్చింది. సెంత్ మరీ పల్లెలో నిలిచిన విగ్రహం, అందుచేత, పందెగానికి ఎంత చెందుతుందో సుత్తి పట్టిన పనివానికి కూడ అంతే చెందుతుంది. తూర్మలే ఎక్కే సైకిలు యాత్రికులు నేటికీ ఆ పల్లెలో ఆగి, ఆ విగ్రహాన్ని చూచి, తరువాతనే కొండదారి పడుతూ ఉంటారు.